చిత్రకారుడు రాజా రవివర్మ

మన యిండ్లలో దేవుని గూటియందున్న లక్ష్మీదేవి పటమును ఒక్కమాఱు నిదానముగా చూడుడు. నీటినడుమ వికసించిన తామరపై ఆ తల్లి నిలిచియుండును. పై రెండు చేతులలో తామరపూవులు, క్రింది రెండు చేతులు భక్తులకు అభయమిచ్చు తీరున. ప్రక్కన తొండమున పూలదండ పట్టిన యేనుగు. దేవి యనగానే మన మనస్సునకు తోచు రూపమిదియే. ఆ రూపము నెదుట మన తల్లులును అవ్వలును దీపము వెలిగించి, సంతానము కొఱకును సౌభాగ్యము కొఱకును మ్రొక్కిరి. దానిని వ్రాసినవా డెవడని వారెన్నడును అడుగలేదు.

ఆ పటమునకు మూలమైన చేయి రాజా రవివర్మది. ఆయనను గూర్చి రెండు వివాదములు నూఱేండ్లకు పైబడి సాగుచున్నవి. ఆయన చిత్రములు నిజముగా భారతీయములా, లేక ఐరోపావారి ననుకరించినవా యనునది మొదటిది. రాజమందిరము గోడపైనున్న యొంటి చిత్రమునకు గల గౌరవము, యంత్రముపై వేలకొలది అచ్చైన పటమునకు చెల్లునా యనునది రెండవది. కళను పోషింపదలచిన ప్రతి సంఘమునకును ఈ ప్రశ్నలు ఎదురగును. కావున ఆ మహనీయుని చరిత్రమును ఇచట కొంత విపులముగా వివరింప బూనితిమి.

జననము, బాల్యము

తిరువనంతపురమునకు ఉత్తరమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున కిలిమానూరు అను గ్రామము కలదు. అచటి కోవిల్ తంపురానుల వంశమునందు 1848 ఏప్రిల్ 29వ తేదీన రవివర్మ జన్మించెను. ఈ వంశమునకు తిరువాన్కూరు రాజకుటుంబముతో వివాహసంబంధములు తరతరములుగా కలవు. తండ్రి నీలకంఠ భట్టతిరిప్పాడు సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబాబాయి కవయిత్రి. తమ్ముడు రాజరాజవర్మయు, చెల్లెలు మంగళాబాయియు చిత్రలేఖనమున ప్రవీణులైరి.

బాలుడు బొగ్గుముక్కతో తెల్లని గోడలపై పశుపక్ష్యాదులను గీయుచుండెననియు, సేవకులు విసిగికొనినను మేనమామ రాజరాజవర్మ మాత్రము ఆ గీతలను చూచి ముఱిసెననియు చెప్పుదురు. ఆ మేనమామ తంజావూరు పద్ధతిని చిత్రములు వ్రాయ నేర్చినవాడు. మేనల్లునికి తొలి గురువు ఆయనయే. రవివర్మకు 14వ యేడు వచ్చినపుడు ఆయనయే బాలుని తిరువనంతపురమునకు గొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజునకు చూపెను. మహారాజు బాలుని ఆస్థానమునందే నిలిపి, చిత్రకళాభ్యాసమునకు వలయు వసతు లేర్పఱచెను.

విద్యాభ్యాసము

ఆ కాలమున నూనెరంగులతో వ్రాయుట మన దేశమున క్రొత్త విద్య. ఆస్థాన చిత్రకారుడైన రామస్వామి నాయుడు ఆ విద్య నెఱిగినవాడు. కాని రాజాదరమునకు పాత్రుడగుచున్న యీ బాలుని తనకు పోటీగా తలంచి, నేర్పుటకు ఒప్పుకొనలేదందురు. ఆయన శిష్యులలో నొకడు రాత్రివేళల రహస్యముగా వచ్చి కొంత చెప్పెనని యొక కథ కలదు. 1868లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు మహారాజు చిత్తరువు వ్రాయుటకు వచ్చెను. ఆయనయు నేర్పుటకు అంగీకరింపక, తాను వ్రాయుచుండగా దూరముననుండి చూచుటకు మాత్రము అనుమతించెను.

ఇట్లు రెండు తలుపులును మూయబడినను రవివర్మ వెనుదీయలేదు. చూచినదానిని మనస్సున నిలుపుకొని, గదిలో ఒంటరిగా కూర్చుండి, రంగులు కలిపి, చెఱిపి, మరల కలిపి యేండ్ల తరబడి సాధనచేసెను. నూనెరంగు ఎంతసేపటికి ఆఱును, ఒక పూతపై వేఱొక పూత ఎప్పుడు వేయవలెను, చర్మపు నిగ్గును పట్టు మెఱుపును ఎట్లు వేఱుపఱుపవలెను అను రహస్యములను తన తప్పులవలననే తెలిసికొనెను.

1866లో ఆయనకు మావేలికర రాజకుటుంబమునకు చెందిన భాగీరథీబాయితో వివాహమయ్యెను. 1870లో కొల్లూరు మూకాంబికాదేవి సన్నిధికి యాత్రచేసి, తిరిగివచ్చుచు కోళిక్కోడులో ఒక న్యాయాధికారి కుటుంబ చిత్రమును వ్రాసెను. పైకము గైకొని ఆయన వ్రాసిన తొలి చిత్ర మిదియేనందురు. ఈ సంగతి స్వల్పముగా తోపవచ్చును గాని, స్వల్పమైనది కాదు. కులీనుడు వినోదమునకై చిత్రము వ్రాయవచ్చును గాని, కూలి గైకొని వ్రాయుట చేతిపనివారికే తగునని ఆనాటి పెద్దల తలంపు. రవివర్మ ఆ తలంపును లక్ష్యపెట్టక, చిత్రలేఖనమును వృత్తిగా స్వీకరించి, పనికి తగిన వెల నడిగి పుచ్చుకొనెను. చేతిపనికి గౌరవము లేని దేశమున ఇది యొక సాహసమే.

కీర్తి వ్యాపించుట

1873లో చెన్నపట్టణమున జరిగిన చిత్రకళా ప్రదర్శనమున, సిగలో పూలు తుఱుముకొనుచున్న నాయరు వనిత చిత్రమునకు రవివర్మ గవర్నరుగారి బంగారు పతకము నందెను. ఆ యేటనే వియన్నా నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమునందును ఆ చిత్రము బహుమతి గాంచెను. మూడేండ్ల తరువాత, శకుంతల తామరాకుపై దుష్యంతునకు లేఖ వ్రాయుచున్న చిత్రమును చెన్నపట్టణపు గవర్నరైన బకింగ్‌హాము డ్యూకు కొనెను. సంస్కృత పండితుడైన మోనియర్ విలియమ్సు తన శాకుంతల ఆంగ్లానువాదపు 1887వ సంవత్సర ముద్రణమున ముఖచిత్రముగా దానినే నిలిపెను.

1880లో ఆయిల్యం తిరునాళ్ మహారాజు కీర్తిశేషుడయ్యెను. తరువాతి రాజుతో రవివర్మకు పొత్తు కుదురలేదు. ఒక రాజుపై నాధారపడిన కళాకారుని బ్రదుకు ఎంత చంచలమో ఆయనకు అపుడు తెలిసివచ్చెను. 1881లో బరోడా సంస్థానమునుండి ఆహ్వానము వచ్చెను. అచటి దివాను సర్ తంజావూరు మాధవరావు అంతకుముందు తిరువాన్కూరునందును దివానుగా నుండి, రవివర్మ ప్రతిభను ఎఱిగినవాడు. అది మొదలు రవివర్మయు, తమ్ముడు రాజరాజవర్మయు దేశమంతయు సంచరించుచు, సంస్థానాధీశుల కొఱకు చిత్రములు వ్రాయుచు జీవించిరి. తమ్ముడు అన్నకు సహాయకుడు, కార్యనిర్వాహకుడు, ఉత్తమమైన ప్రకృతిచిత్రకారుడు. వారి ప్రయాణములను దినచర్య గ్రంథమునకెక్కించినవాడు.

1902లో ఈ సోదరులు హైదరాబాదు రాజ్యమునకును వచ్చి, ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళుగారి యతిథులై యుండిరి. చిత్రకారుడును ఛాయాగ్రాహకుడును ఒక్క కప్పు క్రింద నివసించిన యా దినములు తలపోయదగినవి. ఛాయాచిత్రము వచ్చినది, ఇక చిత్తరువు వ్రాయువానికి పనియేమి యని లోకము తలంచుచున్న కాలమది. రవివర్మ ఛాయాచిత్రమును శత్రువుగా చూడలేదు; చిత్తరువులు వ్రాయునపుడు దానిని సాధనముగా వాడుకొనెను.

పురాణచిత్రములు

బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు 1888లో రామాయణ భారతాది కథలనుండి 14 చిత్రములను వ్రాయుమని రవివర్మను కోరెను. ఇచట ఆయనకొక చిక్కు కలిగెను. దమయంతి చీర యే తీరున కట్టవలెను? సీత ఆభరణము లెట్టివి? ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క కట్టు, ఒక్కొక్క సొమ్ము. ఏ ప్రాంతపు వేషమును వ్రాసినను తక్కిన ప్రాంతములవారు తమ దేవిని గుర్తింపరు. దీనిని తీర్చుకొనుటకై సోదరు లిరువురును ఉత్తరదేశమంతయు పర్యటించి, గుడులలోని శిల్పములను, జనుల వేషభాషలను పరిశీలించిరి. తుదకు పురాణస్త్రీలకు చీరకట్టునే ప్రధానవేషముగా చేసి చిత్రములు వ్రాసెను. మహారాష్ట్రపు చీరయు, దక్షిణదేశపు ముఖమును, ఐరోపా పద్ధతిని వెలుగునీడలును ఒక్కచోట చేరెను. ఆ చిత్రములను బరోడాకు పంపుటకు ముందు బొంబాయిలో ప్రదర్శింపగా జనులు తండోపతండములుగా వచ్చి చూచిరి.

1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనమునకు ఆయన 10 చిత్రములను పంపి రెండు పతకము లందెను. ఆ చిత్రములలో భారతదేశపు వివిధ ప్రాంతముల, వివిధ జాతుల స్త్రీలు కలరు. కాని న్యాయనిర్ణేతలు వానిని కొనియాడుచు, జాతుల వేషాచారములను తెలిసికొనుటకు అవి మిక్కిలి యుపకరించుననిరి. చిత్రమందలి ప్రాణమును కాక, సమాచారమునే వారు ముఖ్యముగా చూచిరన్నమాట. కళ విలువ చూపఱి దృష్టిని బట్టి యెట్లు మాఱునో దీనివలన తెలియుచున్నది.

అచ్చుయంత్రము

రాజులు కొన్న చిత్రములు రాజుల గోడలకే పరిమితములు. వానిని చూడవలెనన్న సామాన్యుని కోరికకు దారి లేదు. రవివర్మ చిత్రములను ఐరోపాలో రంగులలో అచ్చు వేయించినచో దేశమునకు గొప్ప మేలగునని మాధవరావుగారు 1884లోనే సలహా నొసగిరి. రవివర్మ మఱియొక యడుగు ముందునకు వేసి, 1894లో ఒక భాగస్వామితో గూడి బొంబాయిలోనే ముద్రణాలయమును స్థాపించెను. యంత్రములు జర్మనీనుండి వచ్చెను. పనివాండ్రును కొందఱు అచటనుండియే వచ్చిరి. శకుంతలా జననము మొదట అచ్చైన చిత్రము. రంగుపటములు అంతకుముందు లేకపోలేదు. కలకత్తాలోను పూనాలోను అట్టి ముద్రణాలయము లుండెను. కాని తన తైలవర్ణచిత్రములను తానే అచ్చొత్తించి సామాన్యుల కందింప బూనిన ఇంతటి చిత్రకారుడు మఱియొకడు లేడు.

ఆ ముద్రణవిధానము తెలిసికొనదగినది. జిడ్డును నీరును కలియవను సూత్రమే దానికాధారము. నునుపైన రాతిపలకపై జిడ్డుమసితో బొమ్మ గీసి, పలకను తడుపుదురు. జిడ్డున్నచోట నీరు నిలువదు. నీరున్నచోట రంగు అంటదు. రంగు పూసి కాగితము నొత్తగా, గీసిన భాగము మాత్రమే కాగితముపై దిగును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి వలయును. ఒక చిత్రమునకు ఎన్ని ఛాయలు కావలెనో అన్ని రాళ్లు గీయవలెను. అవి యన్నియు వెండ్రుకవాసి తేడా లేక ఒకదానిపై నొకటి పడవలెను. తుదకు మెఱుగునూనె పూసి తైలవర్ణచిత్రమువలె కనబడునట్లు చేయుదురు. దీనికే ఓలియోగ్రాఫు అని పేరు. ఇంతటి పనితనము చూపి రంగులను విడదీసి రాళ్లపై గీసినవారి పేర్లు ఆ పటములపై లేవు. యంత్రము చేసిన పనియని మనము తేలికగా అనుకొనుదానివెనుక ఎందఱో చేతిపనివారి కన్నులును వ్రేళ్లును కలవు.

బొంబాయిలో మహామారి వ్యాపించుటచే 1899లో ముద్రణాలయమును లోనావళా సమీపమున మలవలికి తరలించిరి. పటములు దేశమంతట వ్యాపించినను వ్యాపారము కలసిరాలేదు. అప్పులు పెరిగెను. తుదకు రవివర్మ 20వ శతాబ్దపు తొలియేండ్లలో ముద్రణాలయమును, తన చిత్రములను అచ్చువేయు హక్కులతో సహా, అచట పనిచేయుచున్న జర్మనీ దేశీయుడు ఫ్రిట్జ్ ష్లైషరునకు అమ్మివేసెను. ముద్రణాలయము అటుపిమ్మట అనేక దశాబ్దములు నడచి, 1972లో అగ్నిప్రమాదమున నాశమయ్యెను. భారతీయ చలనచిత్రములకు ఆద్యుడై 1913లో రాజా హరిశ్చంద్ర చిత్రమును నిర్మించిన ఫాల్కేగారును తొలిదినములలో ఈ ముద్రణాలయమునకు పనిచేసినవారే.

పటము చేరిన గడపలు

రవివర్మ కీ వ్యాపారమువలన ధనము చేకూరలేదు. మఱి దేశమునకు చేకూరినదేమి? ఆయన పుట్టిన తిరువాన్కూరునందు తక్కువవారని యెంచబడిన కులములవారికి దేవాలయ ప్రవేశము 1936 నవంబరు 12వ తేదీ రాజశాసనము వచ్చువఱకు లేదు. మన మదరాసు రాజధానియందు దేవాలయ ప్రవేశమును గూర్చిన చట్టము 1939లో వచ్చెను. అంతవఱకు ఎందఱో భక్తులు వీథిలో నిలిచి గోపురమునకు నమస్కరించి మరలిపోయిరి. అట్టి కాలమున, తిరునాళ్లలోను సంతలోను కొన్న ఒక కాగితపు పటము గడప దాటి గుడిసెలోనికి వచ్చెను. దేవి మొగము ఎదుట కన్నులార నిలిచెను. ఆ పటము కొనువానిని నీ కులమేదని యడిగినవాడు లేడు.

ఇదంతయు రవివర్మ సంస్కారోద్దేశముతో చేసెనని మేము చెప్పజాలము. ఆయన సంస్కర్త కాడు, రాజబంధువు. వ్యాపారలాభమును గూడ ఆశించినవాడే. కాని కర్త తలంపు ఏదైనను, పనికి దానిదైన ఫలము కలదు. పటము చేసిన మేలును ఆ పటము ముందు చేతులు మోడ్చిన వారి పక్షమునుండి చూచి కొలువవలెను.

దీనికి రెండవ ప్రక్కయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అచ్చుపటములు చవుకగా వచ్చిన పిదప, చేతితో దేవతాచిత్రములు వ్రాసి జీవించువారి పనికి పోటీ కలిగెను. ఊరికొక తీరుననున్న దేవతల రూపములు మఱుగుపడి, ఒక్క తీరే దేశమంతట నిలిచెను. తెల్లని మేనిచాయ, నిండైన సొమ్ములు, సంపన్నగృహిణి ఠీవి కలిగిన స్త్రీయే దేవతకు పోలికయని మన కన్నులు అలవాటు పడెను.

విమర్శలు

1904లో ప్రభుత్వమువారు రవివర్మకు కైసరీ హింద్ బంగారు పతక మొసగిరి. పేరునకు ముందు రాజా యను బిరుదు అప్పటినుండి స్థిరపడెను. కాని ఆ దినములలోనే వంగదేశమున స్వదేశీ భావము పొంగి, అవనీంద్రనాథ ఠాకూరు మొదలగువారు అజంతా కుడ్యచిత్రములును, మొగలు, రాజపుత్ర లఘుచిత్రములును మార్గదర్శకములుగా క్రొత్త పద్ధతి నారంభించిరి. ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత, హావెలు మొదలగు విద్వాంసులు రవివర్మ చిత్రములను తీవ్రముగా ఖండించిరి. ఆయన దేవతలు నాటకరంగమునందలి పాత్రలవలె నున్నారనియు, వానిలో భారతీయమైన ధ్యానభావము లేదనియు వారి యభిప్రాయము. ఆ వంగపద్ధతి మన ఆంధ్రదేశమునకును వచ్చెను. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారు బోధింపగా అడివి బాపిరాజుగారు మొదలగువారు ఆ పద్ధతిని సాధించిరి.

విమర్శకులు చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. కాని ఒక్క సంగతి వారు గమనింపలేదు. నూనెరంగు విదేశమునుండి వచ్చినంతమాత్రమున చిత్రము విదేశీయము కాదు. మన ఫిడేలు విదేశమునుండి వచ్చినదే. అది లేని కర్ణాటక సంగీతసభ నేడున్నదా? కళయందలి స్వచ్ఛత సాధనముల పుట్టుకను బట్టి నిర్ణయింపబడదు. ఆ సాధనముతో చెప్పినమాట తన జనుల హృదయమును తాకినదా లేదా యనునదియే ముఖ్యము. పండితులు కాదన్న యా దేవిని తెలుగు తల్లులు ఔనని దీపము పెట్టిరి. ఆ సాక్ష్యమును త్రోసిపుచ్చుట సులభము కాదు.

తుదిదినములు

1905 ప్రారంభమున తమ్ముడు రాజరాజవర్మ మరణించెను. ఒక్క ప్రాణముగా మెలగిన తోడు పోవుటతో రవివర్మ క్రుంగిపోయెను. అప్పటికే మధుమేహము ఆయనను బాధించుచుండెను. అయినను మైసూరు మహారాజు కోరిన పురాణచిత్రములను విడువక సాగించెను. 1906 అక్టోబరు 2వ తేదీన కిలిమానూరునందు, తాను బొగ్గుతో గీతలు గీసిన యింటిచెంతనే, 58వ యేట పరమపదించెను.

1979లో భారత ప్రభుత్వము ఆయన చిత్రములను జాతీయ కళాసంపదగా ప్రకటించి, అవి దేశము దాటిపోకుండ కట్టడి చేసెను. నేడు ఆయన మూలచిత్రములు కోట్ల రూపాయల వెల పలుకుచున్నవి. వెల పెరిగినకొలది ఆయన పేరుతో నకిలీలును పుట్టినవి. నకిలీకిని ప్రతికిని భేద మెఱుగవలెను. అచ్చుపటము తాను ప్రతినని దాచుకొనదు; కావున అది యెవరిని మోసగింపదు. నకిలీ తాను మూలమని బొంకును. దోషము బొంకునందు గాని ప్రతియందు లేదు.

మనము నేర్వదగినది

కళాపోషణము రాజులదే కాదు, కులసంఘములదియు నని మన దేశచరిత్ర చెప్పుచున్నది. తెలంగాణమున చేర్యాల నకాషి చిత్రకారులు మూరలకొలది గుడ్డపై కులపురాణములను వ్రాయుచు వచ్చిరి. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేలు పురాణము, ఇట్లే తక్కిన కులములకు వారి వారి కథలు. కథకులు ఆ పటమును విప్పి, బొమ్మ చూపుచు, ఊరూర కథ చెప్పెడివారు. వ్రాసినవాడొకడు, చెప్పినవాడొకడు, పోషించినది కులము. అచట కళ గోడకు వ్రేలాడు అలంకారము కాదు. తామెవరో బిడ్డలకు తెలియజెప్పు సాధనము.

రవివర్మ జీవితమును ఆ పటముల ప్రక్కన నుంచి చూచినచో మనకు రెండు సంగతులు స్పష్టమగును. కళ నలుగురికి చేరినపుడే సంఘమున బ్రదుకును, ఇది మొదటిది. చేర్చినవాడు అప్పులపాలు కాకుండ చూచుకొను భారము పొందినవారిది, ఇది రెండవది. లక్షల గడపలకు లక్ష్మిని పంపిన చిత్రకారుడు తన ముద్రణాలయమును అమ్ముకొనవలసివచ్చెను. రాళ్లు గీసిన చేతుల పేరైనను మనకు తెలియదు.

కావున మన సంఘ సభ్యులకును పోషకులకును మేము చేయు మనవి యిది. మీ యిండ్లలోని పాతపటములను చెదలకు విడువక భద్రపఱుపుడు. వివాహములకును ఉత్సవములకును బొమ్మ వ్రాయించునపుడు, సజీవుడైన చిత్రకారుని పిలిచి, బేరమాడక తగిన వెల యిచ్చి, పటముపై ఆతని పేరు వ్రాయించుడు. బొగ్గుముక్కతో గోడ పాడుచేసిన పిల్లవానిని దండించుటకు ముందు ఆ గీతలను ఒక్కమాఱు చూడుడు. కిలిమానూరులో ఒక మేనమామ అట్లు చూచినందుననే మన యింటి దేవునిగూటికి ఆ తల్లి రూపము లభించినది.